రైలుబొమ్మ పెట్టె మూత

వచ్చినవాడు తలుపు పగలగొట్టలేదు. కిటికీ దూకలేదు. పట్టపగలు బేరానికి వచ్చినవాడిలా ముందు గుమ్మంలోంచే వచ్చి, కొట్టు యజమాని రామలును తలమీద కొట్టి, వచ్చిన దారినే పోయాడు. కాత్ర్ బోర్న్ ఊరి బజారు వెనక సందులో ఉన్న ఆ చిన్న కొట్టులో అడుగుపెట్టగానే సీఐడీ సబ్ ఇన్‌స్పెక్టర్ జగ్గయ్య కనిపెట్టిన మొదటి సంగతి అది.

రెండో సంగతి బంకగిన్నె చెప్పింది. ఉడికించిన పిండిబంక మీద మందంగా తొరక కట్టింది. కుంచె దాంట్లోనే నిలబడి ఉంది.

"మీ నాన్న కుంచెను ఇలా వదిలేస్తాడా?" అని అడిగాడు.

రామలు కూతురు పైడమ్మ తల అడ్డంగా ఊపింది. ఆస్పత్రిలో తండ్రి మంచం పక్కన కూర్చుని కూర్చుని వచ్చిన మనిషి. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"లేదన్నా. మంచినీళ్లకు లేచినా కుంచె కడిగే లేస్తాడు."

"అయితే లేవలేదన్నమాట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మాట్లాడాడు. వచ్చినవాడు తెలిసినవాడే."

"నాన్నకు తెలివొస్తే చెబుతాడు. డాక్టరు మాత్రం 'పా కోనే' అంటున్నాడు. ఏమో తెలియదంట. డాక్టరుకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందన్నా?"

జగ్గయ్య బల్ల ముందున్న పీట మీద, రామలు కూర్చునే చోటే కూర్చున్నాడు.

రామలు మొదట్లో చెప్పుల కొట్లకు, టోపీల కొట్లకు అట్టపెట్టెలు చేసేవాడు. ఈ రెండేళ్లుగా కొత్త పని వచ్చిపడింది. ఈ ద్వీప దేశానికి స్వతంత్రం రాబోతోంది. కొత్త జెండా ఎగరకముందే దర్బనుకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోవాలని బంగళాల దొరలు సామాన్లు కట్టుకుంటున్నారు. ఆ సామాన్లలో తాతల నాటి రేకుబొమ్మలున్నాయి. తాళం తిప్పితే నడిచే రైళ్లు, ఓడలు, గుర్రబ్బళ్లు. బయటిదేశాల్లో వాటికోసం ఎగబడేవాళ్లున్నారట. అయితే వాళ్లకు ఒట్టి బొమ్మ చాలదు, అది పుట్టినప్పటి పెట్టె కూడా కావాలి.

ఆ పెట్టెలు బంగళాల్లో లేవు. నొయెల్, అంటే క్రిస్మస్ పండగనాడు దొరల పిల్లలు బొమ్మ తీసుకుని పెట్టె పారేస్తే, చెరకుతోట కూలీల పిల్లలు దాన్ని ఏరుకుని తమ గుడిసెల వరసకు, కాంపుకు, తెచ్చుకునేవాళ్లు. కుంకుమ పొట్లాలు, సూదీ దారం, తెగిన పూసలదండ అందులో దాచుకునేవాళ్లు. అలా బొమ్మలు బంగళాల్లో ఉండిపోయాయి, పెట్టెలు కాంపుల్లో ఉండిపోయాయి. ఇప్పుడా పెట్టెలు చెదలు పట్టి, మూలలు విరిగి, వానకు ఉబ్బి రామలు చేతికి వస్తున్నాయి. అతను వాటి చిరుగులు పూడ్చి, మూలలు నిలబెట్టి, పాత రంగులో కొత్త రంగు కలిపేవాడు.

జగ్గయ్య కూడా కాంపులో పుట్టినవాడే. ఆ పెట్టెల వాసన అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. 

"ఏం పోయింది?"

"ఒకటే. రైలుబొమ్మ పెట్టె."

"పూర్తిగా పోలేదు," అని జగ్గయ్య బల్లకింద నుంచి అట్టపెట్టె ఒకటి బయటికి తీశాడు. ఇంజనుకు, మూడు బళ్లకు విడివిడిగా గదులున్న అడుగుభాగం. ఒక మూలకు కొత్తగా అతికిన కాగితం ఇంకా బిగుసుకోలేదు. "పోయింది మూత ఒక్కటే. ఈ పెట్టె ఎవరిచ్చారు?"

"ఎవరో ఆడమనిషి. నేను వెనకనుంచి చూశాను. జుట్టు సగం నెరిసింది. మాట మన క్రియోల్ కాదు, పక్క ద్వీపం రెయూనియన్ వాళ్ల యాస. వీరయ్య కూరగాయల వానులో వచ్చింది."

"ఏమంది?"

పైడమ్మ గుర్తు చేసుకుంది. "విచిత్రంగా మాట్లాడింది. మూత పుచ్చిపోతోంది, దానిమీది రంగుల లేబుల్ ఊడదీయండి, లేబుల్ చిరిగినా పరవాలేదు, దానికింద ఉన్నది మాత్రం చెరగకూడదు అంది. అందరూ లేబుల్ కోసం ప్రాణం పెడతారు గదా, ఈవిడేమిటి ఇలాగంటుంది అని నాన్న ఆమె వెళ్లాక నవ్వుకున్నాడు."

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పాడా?"

ఆమె తల దించుకుంది. "మొస్యే మారివెల్ దొర మనిషికి. ఆ రైలు వాళ్ల బంగళాలోనే ఉందట, పెట్టె దొరికితే కబురు చేయమని ఎప్పటినుంచో చెప్పాడు. ఆ పెట్టె దొరికిందని, ఆడమనిషి తెచ్చిందని, వీరయ్య తీసుకొచ్చాడని, అన్నీ చెప్పాడు. తప్పా అన్నా?"

"తప్పేముంది చెల్లీ."

మారివెల్. ఆ పేరు వింటే జగ్గయ్యకు ఎప్పుడూ నది గుర్తొస్తుంది. పోలీసు ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయినా అంతే.

బల్లమీద అద్దుడు కాగితాల దొంతర ఒకటి ఉంది. దానిమీద ఇనప దిమ్మ. అలాంటి జత దిమ్మ నెత్తురంటి నేలమీద దొరికితే లోకల్ స్టేషన్ వాళ్లు అప్పుడే పట్టుకుపోయారు. జగ్గయ్య దిమ్మ ఎత్తి పక్కన పెట్టి, పై కాగితం మెల్లగా విప్పాడు. లోపల రంగుల లేబుల్. ఎర్ర ఇంజను, తెల్లటి పొగ, వంతెన మీద పరుగు. రామలు చెయ్యి మంచిది. అంచు కూడా నలగలేదు.

అప్పుడే బయట బూట్ల చప్పుడైంది. అతను కాగితం మళ్లీ కప్పేశాడు.

లోకల్ ఇన్‌స్పెక్టర్ రివే తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. టోపీ తీయలేదు.

"సీఐడీ వాళ్లకు పని లేదనుకుంటాను," అన్నాడు ఫ్రెంచిలో. "కేసు అయిపోయింది, జగ్గయ్యా. వీరయ్య లాకప్పులో ఉన్నాడు. వాడి చొక్కా నిండా నెత్తురు."

"నిన్న రామలును ఎత్తుకుని ఆస్పత్రికి చేర్చినవాడు వీరయ్యే సర్. నెత్తురు అంటదా? ఈ అమ్మాయి పక్కనే ఉంది."

"కొట్టినవాడే మోసుకెళ్లడం నేను ఇదివరకు చూశాను."

"ఎందుకు కొడతాడు?"

"వాడు నోరు విప్పడం లేదు. నోరు విప్పనివాడు తప్పు చేసినవాడే."

"దొంగతనమైతే దొంగ ఏం తీసుకున్నాడు? పక్కనే బాగుచేసిన పెట్టెలు ఆరున్నాయి. ఒక్కటీ ముట్టలేదు. ఈ పెట్టె అడుగుభాగం కూడా ఇక్కడే వదిలేశాడు."

రివే చిరాగ్గా చెయ్యి విదిలించాడు. "పిచ్చివాడు గనక! మీద అంటించిన బొమ్మ కూడా లేని బోడి అట్టమూత కోసం మనిషి తల పగలగొట్టాడు. దానికి నువ్వు కథలల్లుతున్నావు."

 జగ్గయ్య పీటమీద నుంచి లేచాడు.

"మూతమీద బొమ్మ లేదని మీకెవరు చెప్పారు సర్?"

"ఏమిటి?"

"లేబుల్ ఊడదీసి ఈ కాగితాల మధ్య పెట్టాడు రామలు. దిమ్మ కదిలించి ఈ కాగితాలు విప్పినవాణ్ణి నేనే, ఇందాకే. మూత బోడిదని రామలుకు తెలుసు, మూత పట్టుకుపోయినవాడికి తెలుసు. మీకెలా తెలిసింది?"

రివే మెడ ఎర్రబడింది. "మారివెల్ అన్నాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర."

"ఈ కొట్టు గుమ్మమే తొక్కలేదని, రామలు ఖాతాదార్లందరితో పాటు మొస్యే మారివెల్ పొద్దున మీ స్టేషన్‌లోనే సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ పెట్టెను కళ్లతో చూడలేదన్నాడు. మరి భోజనాల దగ్గర ఎలా అన్నాడు?"

"నోరు అదుపులో పెట్టుకో. నేను నీ పైవాణ్ణి."

"అవును సర్. అందుకే రాసి పైకి పంపుతాను."

రివే అతని వంక కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం తక్కువ, లెక్క ఎక్కువ. వెనుదిరిగి వెళ్లిపోయాడు. కారు తలుపు దభీమని పడిన చప్పుడు వినిపించింది.

పైడమ్మ ఊపిరి పీల్చుకుంది. "ఆయన్ను అంతమాట అన్నావేంటన్నా!"

"ఇంకా ముందే అనాల్సింది," అంటూ జగ్గయ్య మళ్లీ కాగితం విప్పి, ఈసారి లేబుల్‌ను వెనక్కి తిప్పాడు.

వెనక ఎండిన బంక మరకలు. బయటిదేశంలో అంటించిన గోధుమరంగు జిగురు అంచుల్లో మాత్రమే మిగిలింది. మధ్యలో అంతా తెల్లటి పొర. గోరుతో తాకితే గరుకుగా తగిలింది. చితికిన మెతుకు ఒకటి దానిలోనే ఎండిపోయి ఉంది.

"ఇది గంజి," అన్నాడు. "లేబుల్ ఎప్పుడో ఒకసారి ఊడిపోయింది. ఎవరో గంజితో మళ్లీ అంటించారు."

ఆ తెల్లటి పొరలో నల్లగా రెండు గుర్తులు అంటుకుని ఉన్నాయి. మూతమీద బొగ్గుతో రాసినది తడి గంజికి అంటి ఇటు దిగింది. పైడమ్మ వంగి చూసింది. ఆదివారం బళ్లో తెలుగు అక్షరాలు నేర్చుకున్న పిల్ల.

"ఇది 'జ'. ఆ పక్కది మాత్రం ఏ అక్షరమో... తిరగబడిన 'అ' లాగుంది."

జగ్గయ్య లేబుల్‌ను వెలుతురుకు ఎత్తిపట్టాడు.

అచ్చు దిగిన అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడాలి. 'అ' తిరగబడింది. అంటే మూతమీద అది సరిగానే ఉంది. 'జ' ఇక్కడ సరిగా ఉంది. అంటే మూతమీద అది తిరగబడి ఉంది. ఒకే మూతమీద రెండు చేతులు. ఒకటి అక్షరాలు వచ్చిన చెయ్యి. రెండోది అప్పుడే నేర్చుకుంటున్న పసిచెయ్యి.

ఆ పసిచెయ్యి ఎవరిదో అతనికి తెలుసు.

జగ్గయ్య వాళ్ల నాన్న కాంపు సాయంకాలపు బడి బైఠకాలో పెద్దవాళ్లకు పద్యాలు చెబుతుంటే, అక్క అంకమ్మ వెనక వరసలో కూర్చుని అక్షరాలు నేర్చుకుని ఇంటికొచ్చి తమ్ముడికి నేర్పేది. పలక లేదు. దొరల ఇంటినుంచి తెచ్చుకున్న రైలుబొమ్మ పెట్టె ఉంది. వాననీళ్లు పడి దాని లేబుల్ ఊడిపోతే మూత నున్నగా కనిపించింది. అక్క బొగ్గుముక్కతో 'అ' రాసింది. అది నేను అంది. తర్వాత అతని వేళ్లు పట్టుకుని 'జ' రాయించబోతే అతను చెయ్యి విడిపించుకుని, నేనే రాస్తానని మారాం చేసి, తిరగేసి రాశాడు. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. మూత పాడుచేశారని అమ్మ కొడుతుందని, అన్నంలో వంచిన గంజి తెచ్చి లేబుల్‌ను మళ్లీ అంటించేసింది. ఎవరికీ చెప్పకు అంది. అతను చెప్పలేదు.

కొన్నాళ్లకు ఉతికిన బట్టల మూట ఇచ్చి రావడానికి అక్క బంగళాకు వెళ్లింది. పెట్టె చంకలోనే ఉంది, అది లేకుండా ఎక్కడికీ వెళ్లేది కాదు. మళ్లీ రాలేదు. నదిలో జారిపడిందని, కొట్టుకుపోతుండగా నా కళ్లతో చూశానని తోట మేనేజరు కొడుకు కోర్టులో బైబిలు మీద ప్రమాణం చేశాడు. ఆ కొడుకే ఇప్పటి మొస్యే మారివెల్. పీనుగ దొరకలేదు. పెట్టె కూడా దొరకలేదు. నాన్న బతికినన్నాళ్లూ కార్తీకంలో నదిలో దీపం వదిలేవాడు. అమ్మ మాత్రం దీపం వదలడానికి ఒప్పుకోలేదు. చచ్చినవాళ్లకు వదులుతారు అనేది.

లేబుల్ కింద ఏముందో తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరే. ఒకడు ఈ పీట ముందు నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఏమైంది? ముఖం అలా అయిపోయిందేం?"

"ఏం లేదమ్మా. దీన్ని నేను తీసుకెళ్తున్నాను."

తన సొంత మనుషుల కేసును పోలీసువాడు ముట్టుకోకూడదు. ఇప్పుడు ఈ మాట పైవాళ్లకు చెబితే కేసు చేతినుంచి పోతుంది. ఎవరి చేతికి పోతుందో కూడా అతనికి తెలుసు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి జగ్గయ్య ఒక సాక్ష్యాన్ని రాయకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

లాకప్పులో వీరయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నెత్తురెండిన చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. జగ్గయ్యను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ పెట్టె తెచ్చిన ఆమె ఎక్కడుంది?"

వీరయ్య మోకాళ్ల మధ్య తల దాచుకున్నాడు.

"ఎందుకు దాస్తున్నావు? నీ మెడకు కేసు చుట్టుకుంటోంది."

"చుట్టుకోనీ. మాటిచ్చాను."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చావా?"

"నీకు అసలే చెప్పనని," అన్నాడు వీరయ్య. అని నాలుక కరుచుకున్నాడు.

జగ్గయ్య కటకటాల ముందు నేలమీద కూర్చున్నాడు. లేబుల్ తీసి వెనక వైపు అతనికి చూపించాడు. "ఈ 'జ' రాసింది నేనే వీరయ్యా. తప్పు రాశాను. మా అక్క నవ్వింది."

వీరయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ముఖం మీద బిగింపు సడలిపోయింది.

"అయితే నిజమే చెప్పింది," అన్నాడు నెమ్మదిగా. "అలాగే చెప్పింది, తమ్ముడి అక్షరం తిరగబడి ఉంటుందని."

"బతికే ఉందా?"

"వీ, అవునన్నా. బతికే ఉంది. మా ఇంట్లోనే. కాంప్ ద మాస్క్‌లో మా అమ్మ దగ్గర."

జగ్గయ్య కటకటాల ఊచ పట్టుకున్నాడు.  "ఇన్నాళ్లూ ఎక్కడ?"

"రెయూనియన్‌లో. మేనేజరు పెళ్లాం తన పసిపిల్లను ఎత్తుకోడానికని మీ అక్కను ఓడలో తీసుకుపోయిందట. మీ నాన్నే డబ్బు తీసుకుని అమ్మేశాడని చెప్పారట. నమ్మింది. అందుకే రాలేదు. మొన్న ఆ దొరసాని చచ్చిపోతూ నిజం చెప్పింది. పెట్టె పట్టుకుని పడవెక్కేసింది. ఇక్కడికొచ్చి చూస్తే మీ కాంపు లేదు, అంతా చెరకు. మీ అమ్మా నాన్నా పోయారని మా అమ్మ చెప్పాల్సొచ్చింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు."

"నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"వచ్చిందన్నా. సాంత్ర్ ద ఫ్లాక్ కోర్టు దగ్గర రెండుసార్లు నిన్ను దూరంగా చూసింది. సూటు వేసుకుని పెద్దపెద్దవాళ్లతో మాట్లాడుతున్నావు. భయపడింది. నాకు తెలుగు పోయింది, పేరు మార్చేశారు, ముసలిదాన్నయ్యాను, నేను అక్కనంటే ఎందుకు నమ్ముతాడు, ఆ మూత చూపిస్తే నమ్ముతాడు అంది. మూత బాగయ్యాక తనే పట్టుకొస్తానంది. అంతవరకూ నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది." వీరయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడా మూతే లేదు. ఆమెకెలా చెప్పను?"

"మూత అక్కర్లేదు," అన్నాడు జగ్గయ్య. "ఆమె నడిచొస్తే చాలు."

లేచాడు. అప్పుడు తట్టింది. మూత మాయమైతే, అక్క నదిలో పోయిందన్న అబద్ధపు ప్రమాణానికి సాక్ష్యం మాయమైనట్టే. కానీ ఆ మూత తెచ్చిన మనిషి ఉంది. ఆమె వీరయ్య వానులో వచ్చిందని మారివెల్‌కు తెలుసు. మారివెల్ దేశం విడిచిపోయే ఓడ ఈ శుక్రవారమే బయలుదేరుతుంది.

ముందు గదిలోకి దాదాపు పరుగెత్తాడు. "ఇన్‌స్పెక్టర్ రివే ఎక్కడ?"

బల్ల దగ్గరి సార్జెంటు తలెత్తాడు. "వీరయ్య ఇంటి అడ్రసు అడిగి రాసుకుని వెళ్లారు. చాలాసేపైంది."

కాత్ర్ బోర్న్ నుంచి కాంప్ ద మాస్క్ వరకు దారి పొడుగునా జగ్గయ్య జీపు ఎక్కడా నెమ్మదించలేదు. చెరకు బళ్లను తప్పించుకుంటూ, హారను కొడుతూ పోయాడు. ఏం మాట్లాడాలో ఆలోచించుకోబోతే ఒక్క మాటా కుదరలేదు. క్రియోల్లో అక్కా అని ఎలా పిలవాలి? అతని నోటికి ఆ పిలుపు తెలుగులోనే వచ్చు. ఆమెకు తెలుగు రాదు. ముఖం ఊహించుకోబోతే తొమ్మిదేళ్ల పిల్లే కళ్లముందు నిలబడింది. ఇప్పుడు జుట్టు సగం నెరిసిందట. ఆ నెరిసిన జుట్టు చూడాలని, ఆ చేతులు పట్టుకోవాలని అతనికి ప్రాణం లాగేసింది. నీ తండ్రి నిన్ను అమ్మలేదని, బతికినన్నాళ్లూ నదిలో దీపం వదిలాడని ముందు చెప్పాలి. అన్నిటికంటే ముందు అది చెప్పాలి.

వీరయ్య ఇల్లు ఊరి చివర, కూరగాయల మడి పక్కన. తలుపు బార్లా తెరిచి ఉంది. వీరయ్య తల్లి నాగమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె ముఖంలో ఆందోళన లేదు. జగ్గయ్య ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూశాడు, లోపల ఎవరూ లేరు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో ఉన్న ఆమె ఏది?"

నాగమ్మ అతన్ని ఎగాదిగా చూసి నోరంతా తెరిచి నవ్వింది. "జగ్గయ్యవే కదూ! అచ్చం మీ నాన్న. ఇక్కడికొచ్చావేం నాయనా? నీ దగ్గరికే గదా బయలుదేరింది!"

"ఎవరితో?"

"నువ్వు పంపిన నల్లకారులోనే. టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టరు దిగి, నీ తమ్ముడు జగ్గయ్యకు అంతా తెలిసిపోయింది, తీసుకురమ్మన్నాడు, కాచుకుని కూర్చున్నాడు అన్నాడు. కారు వెనక ఎవరో తెల్లదొర కూర్చున్నాడు, దిగలేదు." నాగమ్మ పమిటతో కళ్లొత్తుకుంది. "ఇన్నాళ్లూ ఒక్క తెలుగు ముక్క రాదనుకున్నాను నాయనా, ఆ పిల్లకు. ఆ మాట వినేసరికి 'తమ్ముడు' అంది. మళ్లీ అంది, 'తమ్ముడు, తమ్ముడు' అని. చెప్పులు కూడా తొడుక్కోలేదు. పరుగెత్తుకెళ్లి తనే కారు తలుపు తీసుకుని ఎక్కింది."